కెరటం లేని ఒడ్డు

భీమిలిలో పుట్టినవాణ్ణి. మా వీధికీ సముద్రానికీ మధ్య ఒక వరస సరుగుడు చెట్లు, ఎండబెట్టిన వలలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. అయినా నాకు ఈత రాదు. ఇందులో వింతేమీ లేదు, మా వీధిలో ఎవరికీ రాదు. జాలరిపేట పిల్లలకు వచ్చు, వాళ్ళకది బతుకు. మాకు సముద్రమంటే సాయంత్రం పూట వేరుశనక్కాయల పొట్లం పట్టుకుని కూర్చుని చూసేది. మాఘ పౌర్ణమి నాడు మాత్రం మోకాలి లోతు దిగి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కెరటం విరిగేచోట మూడు మునకలు వేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళం. ఇంకో అడుగు ముందుకేస్తే ఒడ్డు మీంచి అమ్మ కేక. "ఒరేయ్, లోపలికి వెళ్ళకురా!" యాభై ఏళ్ళు దాటాయి. ఆ కేక ఇప్పటికీ నా మోకాళ్ళలో ఉంది.

అందుకే మా అక్క కూతురు జర్మనీ నుంచి ఫోన్ చేసి, "మావయ్యా, సెప్టెంబరులో సెలవు పెట్టాను, గ్రీసు వెళదాం, వారం రోజులూ సముద్రమే" అంటే, "ఏథెన్స్‌లో గుళ్ళూ గోపురాలూ చూపించమ్మా, సముద్రం మన దగ్గర లేదా?" అన్నాను. అది వినలేదు. కోర్ఫూ దీవిలో విమానం దిగి, ఫెర్రీలో ఇగుమెనిత్సా రేవు చేరి, అక్కణ్ణుంచి ఆలివ్ తోటల మధ్య మెలికలు తిరిగే రోడ్డు మీద దక్షిణంగా వచ్చి పార్గా అనే ఊళ్ళో తేలాం. గ్రీసుకి వాయవ్యాన, ఎపిరస్ ప్రాంతంలో, అయోనియన్ సముద్రం ఒడ్డున కొండకి కరుచుకున్న ఊరు. చీకటి పడ్డాక చేరాం కాబట్టి ఆ రాత్రి నాకు మెట్లు తప్ప ఏమీ కనిపించలేదు. పార్గా పాత ఊళ్ళో వీధి అన్నా మెట్లే, సందు అన్నా మెట్లే. సూట్‌కేసుకి చక్రాలు పెట్టినవాడు ఈ ఊరు చూసి ఉండడు.

తెల్లారి బాల్కనీలోకి వచ్చి నిలబడితే ఎదురుగా సముద్రం. ఏదో తేడాగా అనిపించింది. చెవులు దిబ్బడ వేశాయేమో, విమానం ప్రభావమేమో అనుకున్నాను. కాసేపటికి తెలిసింది, తేడా నా చెవుల్లో లేదు. సముద్రానికి చప్పుడు లేదు. కింద ఎవరో చెంచాతో కాఫీ కలుపుతుంటే అది వినపడుతోంది గానీ ఇరవై గజాల దూరంలో ఉన్న నీళ్ళు వినపడటం లేదు. మా ఊళ్ళో రాత్రి నిద్రలో కూడా ఆగని ఆ హోరు లేకపోతే సముద్రాన్ని సముద్రమని నమ్మడం కష్టం. పుట్టపర్తి చెరువో, పాకాల చెరువో ఇంకాస్త నీలంగా ఉన్నట్టుంది.

దీనికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మధ్యధరా సముద్రం దాదాపు మూసేసిన గిన్నె. మహాసముద్రంతో దానికున్న వాకిలి జిబ్రాల్టర్ ఒక్కటే, అదీ ఇరుకు. అందువల్ల చంద్రుడు ఎంత లాగినా ఈ ఒడ్డున ఆటుపోట్ల తేడా జానెడు, రెండు జానలు. మనకి విశాఖ తీరంలో నిలువెత్తుకి దగ్గరగా లేచి దిగే పోటూ పాటూ ఇక్కడివాళ్ళకి తెలియవు. పైగా దక్షిణ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు దొర్లుకుంటూ మన ఒడ్డుకొచ్చి విరిగే కెరటాలు ఇక్కడికి రావడానికి దారే లేదు. గాలి వీస్తే అలలు లేస్తాయి, శీతాకాలంలో బాగానే లేస్తాయట. గాలి ఆగితే ఆగిపోతాయి. అందుకే ఇళ్ళు నీళ్ళలోకి కాళ్ళు జాపుకుని కూర్చున్నట్టుంటాయి. హోటల్ కుర్చీ వెనక కాళ్ళు ఇసుకలో, ముందు కాళ్ళు నీళ్ళలో.

ఊరి ముందున్న ఒడ్డు పేరు క్రియోనేరి. క్రియో అంటే చల్లన, నేరో అంటే నీళ్ళు. పేరు ఊరికే పెట్టలేదు. మోకాలి లోతు దిగాక గోరువెచ్చటి నీటి మధ్యలో ఉన్నట్టుండి ఒక చల్లటి పాయ కాలికి చుట్టుకుంటుంది, మంచి నూతిలోంచి తోడి పోసినట్టు. వెనక ఉన్న సున్నపురాతి కొండల్లో పడ్డ వాన రాతి సందుల్లోంచి ఇంకి, సముద్రం అడుగున ఊటలుగా తేలుతుంది. అడుగు పక్కకి వేస్తే మళ్ళీ వెచ్చన. నేను చాలాసేపు అదే ఆట ఆడుకున్నాను. ఒడ్డున ఉన్నది మాత్రం మన ఇసుక కాదు. సగం ఇసుక, సగం గులకరాళ్ళు. ఉత్తికాళ్ళతో నడిస్తే తిరుపతి మెట్లు మోకాళ్ళ మీద ఎక్కినంత పుణ్యం. రబ్బరు చెప్పుల్లాంటి నీటి బూట్లు అమ్ముతారు, బేరం ఆడకుండా కొనేయాలి.

క్రియోనేరికి ఎదురుగా, అరిస్తే వినపడే దూరంలో, పనగియా అనే చిట్టి దీవి ఉంది. పనగియా అంటే సర్వపావని, మేరీ మాతకి గ్రీకులు పెట్టుకున్న పేరు. మన లెక్కలో అమ్మవారి దిబ్బ. చెట్లు, తెల్లటి చిన్న గుడి, పక్కన నెపోలియన్ కాలపు ఫ్రెంచివాళ్ళ కోట గోడల ముక్కలు. ఊళ్ళో పిల్లలు స్నానానికి వెళ్ళినట్టు ఈదుకుంటూ వెళ్ళి వస్తుంటారు. మా మేనకోడలు, నాకు మా అమ్మాయే, "నేనూ ఈదుతాను, నువ్వు పెడల్ బోటులో రా" అంది. ప్లాస్టిక్ హంసలాంటి దాన్ని అద్దెకి తీసుకుని, ఒంటరిగా సైకిలు తొక్కినట్టు తొక్కుకుంటూ బయల్దేరాను. ఒకడే తొక్కితే అది ఒకవైపుకే తిరుగుతుందని ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు గుండ్రంగా తిరిగి, మూడోసారికి దీవి ఎదురుగా వస్తే చుక్కాని బిగించి పట్టుకున్నాను. కిందకి చూస్తే అడుగు కనిపిస్తోంది. రాళ్ళు, వాటి మధ్య నల్లటి ముళ్ళ బంతుల్లా సముద్రపు ముళ్ళకాయలు, మా హంస నీడ. లోతెంతో అడగలేదు. అడుగు కనిపించే నీటి లోతు కంటికి ముప్పాతిక వంతే అనిపిస్తుందని ఎనిమిదో తరగతి పాఠంలో చదివింది ఆ క్షణంలోనే గుర్తుకురావాలా?

గుడి తలుపు చేరేసి ఉంది. లోపల కొవ్వొత్తి మైనం వాసన, వెండి రేకు తొడిగిన అమ్మ పటం, దానికి దండలా వేలాడే చిన్న చిన్న రేకు బొమ్మలు. ఒకటి కన్ను, ఒకటి కాలు, ఒకటి పసిబిడ్డ, ఒకటి పడవ. మొక్కు తీరినవాళ్ళు కట్టేవి. మన గుళ్ళలో వెండి కళ్ళు సమర్పించడం చూసినవాడికి వీటి అర్థం విప్పి చెప్పనక్కర్లేదు. ఆగస్టు 15 ఇక్కడ మేరీ మాత పండుగ, దేశమంతా సెలవు. మనకీ సెలవే, కారణం వేరు.

నీళ్ళ రంగు గురించి ఒక మాట చెప్పాలి. ఆ నీలం, ఆ పచ్చ చూసి "మన సముద్రం ఇలా ఎందుకుండదు?" అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న నాకూ వచ్చింది, కొంచెం అవమానంగా కూడా అనిపించింది. కానీ లెక్క తిరగేసి చూడాలి. ఈ నీళ్ళు ఇంత స్వచ్ఛంగా ఉండటానికి కారణం ఇందులో తినడానికి ఏమీ లేకపోవడం. పెద్ద నదులు లేవు, ఒండ్రు లేదు, నాచు లేదు. తూర్పు మధ్యధరా ప్రపంచంలోకెల్లా పోషకాలు తక్కువున్న సముద్రాల్లో ఒకటి. మన బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ, మహానది, గంగ అన్నీ బురద మోసుకొచ్చి పోస్తాయి. ఆ బురదే చేప. మా జాలరిపేట వలలో ఒక్కపూట పడేదాన్ని ఇక్కడి పడవ చూస్తే కళ్ళు తిప్పుకోలేదు. నీలం నీళ్ళు అందమైన ఆకలి నీళ్ళు. హోటల్లో చేపని కిలో లెక్కన ధర వేసి, పళ్ళెంలో పెట్టి చూపించి, తూచి మరీ వండే పద్ధతి అందుకే వచ్చిందేమో అనిపించింది. ధర చూశాక నేను చిన్న చేపల దగ్గర ఆగాను. "గావ్‌రోస్" అని రాసి ఉంది. తెచ్చి పెట్టారు. చూస్తే మన నెత్తళ్ళు! పిండిలో పొర్లించి, తలతో సహా కరకరలాడేలా వేయించి, నిమ్మచెక్క పిండుకోమని పక్కన పెట్టారు. కారం ఒక్కటే తక్కువ. మెనూలో కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది, అది మంచులో పెట్టిన సరుకు అని చట్టప్రకారం చెప్పే గుర్తు. నెత్తళ్ళ పక్కన నక్షత్రం లేదు.

వడ్డించే పెద్దాయన "బాగుందా?" అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను తల అడ్డంగా ఊగించాను, మన పద్ధతిలో. ఆయన ముఖం మాడిపోయింది. మా అమ్మాయి కలగజేసుకుని "నే, నే" అంది. గ్రీకులో "నే" అంటే అవును. లేదు అనడానికి తల పైకెత్తి నాలిక్కొసతో "చ్చ్" అంటారు. మా అత్తగారి ఊళ్ళో సరిగ్గా అలాగే అంటారు. ఆ ఒక్క ముక్క నాకు మొదటిరోజే వచ్చేసింది.

మూడోరోజు వాల్తోస్ బీచ్‌కి బయల్దేరాం. ఊరి నుంచి అక్కడికి నీటి టాక్సీలో వెళ్ళొచ్చు. లేదా మెట్లెక్కి, కోట పక్కగా కొండ దాటి అవతలికి దిగొచ్చు. మేం కోట దారి పట్టాం. వాల్తోస్ గురించి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పొడవాటి ఒడ్డు, వెనక ఆలివ్ తోపు, మంచి నీళ్ళు, చాలావరకు గొడుగులు, పడక కుర్చీలు. గ్రీసులో సముద్రపు ఒడ్డు ప్రజల సొత్తు. అయినా కుర్చీల వరసలు నీళ్ళదాకా పాకి మామూలు మనిషి తువ్వాలు పరుచుకోవడానికి చోటు లేకపోయేసరికి, 2023 వేసవిలో పారోస్ దీవి జనం తువ్వాళ్ళు పట్టుకుని ఊరేగింపు తీశారు. తువ్వాళ్ళ ఉద్యమమని దానికి పేరు. మరుసటేడు ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది, నీటి అంచు నుంచి నాలుగు మీటర్ల లోపు కుర్చీ వేయకూడదని. ఆ నాలుగు మీటర్లలోనే మా తువ్వాలు పరిచాం. వెనక కుర్చీలవాడు కాసేపు చూసి ఊరుకున్నాడు.

నా మనసంతా కోట దగ్గరే ఆగిపోయింది.

ద్వారం మీద రాతిలో చెక్కిన రెక్కల సింహం. వెనిస్ నగరం ముద్ర అది. 1401 నుంచి 1797 దాకా, దాదాపు నాలుగు వందల ఏళ్ళు పార్గా వెనిస్ వర్తకుల నీడలో ఉంది. చుట్టూ ఉన్న నేలంతా తురుష్కులది, ఈ రేవొక్కటీ వెనిస్‌ది. కొండల నిండా ఇప్పుడు కనిపించే ఆలివ్ చెట్లు ఆ కాలపు సంపాదనే, వెనిస్‌కి నూనె కావాలి మరి. 1797లో నెపోలియన్ వెనిస్‌ని కూలదోశాక ఈ చిన్న ఊరి మీద జెండాలు మారుతూ వచ్చాయి. చివరికి 1814లో ఊరివాళ్ళే ఫ్రెంచి సైన్యాన్ని సాగనంపి, మమ్మల్ని కాపాడండి అని బ్రిటిషువాళ్ళని పిలుచుకున్నారు. వాళ్ళు వచ్చారు. వచ్చి మూడేళ్ళకే, యానినాలో కూర్చుని ఈ రేవు మీద ఎప్పణ్ణుంచో కన్నేసిన, తురుష్క సుల్తాను తరఫు పాలకుడు అలీ పాషాకి ఊరిని అప్పగించడానికి ఒప్పుకున్నారు. ఇళ్ళకీ, పొలాలకీ, ఆలివ్ చెట్లకీ వెల కట్టారు. లెక్క 1,50,000 పౌన్ల దగ్గర తేలింది. వెళ్ళిపోదలచినవాళ్ళకి ఆ సొమ్ము పంచి, కోర్ఫూ దీవికి చేరుస్తామన్నారు. ఉండదలచినవాళ్ళు ఉండొచ్చు.

ఒక్కరూ ఉండలేదు.

1819 వసంతంలో, గుడ్ ఫ్రైడే నాడని ఇక్కడ చెప్పుకుంటారు, ఊరంతా శ్మశానానికి వెళ్ళింది. తాతల సమాధులు తవ్వి ఎముకలు పైకి తీశారు. అంగట్లో ఆలివ్ కట్టెలు పేర్చి కాల్చారు. ఆ బూడిద, గుళ్ళో పటాలు తీసుకుని పడవలెక్కారు. అలీ పాషా మనుషులు వచ్చేసరికి ఊళ్ళో పొగ తప్ప మనిషి లేడు.

మనకి ఇందులో కాల్చడం పెద్ద సంగతిగా తోచదు. మనం కాల్చేవాళ్ళమే కదా, అస్థికలు కలశంలో పెట్టి నీళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళమే. అక్కడే మనం పొరబడతాం. ఆర్థడాక్స్ క్రైస్తవులకి శవదహనం నిషిద్ధం. పూడ్చిన కొన్నేళ్ళకి ఎముకలు తీసి, ద్రాక్షసారాయితో కడిగి, పెట్టెలో దాచుకోవడం వాళ్ళ ఆచారం. ఎముక అంటే వాళ్ళకి మళ్ళీ లేవబోయే మనిషి. అలాంటివాళ్ళు తమ చేతులతో తాతని నిప్పులో పెట్టారంటే, పరాయివాడి కాలి కింద ఉండటం కంటే బూడిదై మన వెంట రావడం మేలని లెక్క వేసుకున్నారంటే, ఆ శుక్రవారం ఆ అంగడిలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవాలి. గ్రీసులో మొట్టమొదటి దహనవాటిక తెరిచింది 2019లో. పార్గా చితికి సరిగ్గా రెండు వందల ఏళ్ళకి. ఇటలీ చిత్రకారుడు ఫ్రాంచెస్కో హాయెజ్ ఈ వలసని పెద్ద చిత్రంగా గీశాడు. 1831లో పూర్తిచేసిన ఆ పటం బ్రెషా పట్టణంలో ఉంది. నేను ఫోన్‌లో చూశాను. నేలకి ఒరిగిపోయి మట్టిని పట్టుకున్న మనుషులు, వెనక ఇదే కొండ.

కోట పైకెక్కితే అలీ పాషా కట్టించుకున్న అంతఃపురం, స్నానాల గది మొండిగోడలు కనిపిస్తాయి. ఆయన ఈ కిటికీలోంచి ఎన్నిసార్లు చూసి ఉంటాడో. 1822 మొదట్లోనే సుల్తాను మనుషులు ఆయన్ని యానినా సరస్సులోని దీవి మీద చంపేశారు. పార్గా గ్రీసులో కలిసింది మాత్రం 1913లో. ఊరు దిగినవాళ్ళ మనవలు, మునిమనవలు అప్పుడు తిరిగొచ్చారు.

నాకు మా ఊరి హాలెండర్స్ గ్రీన్ గుర్తొచ్చింది. భీమిలిలో 17వ శతాబ్దం నాటి డచ్చివాళ్ళ సమాధులున్న దొడ్డి. చిన్నప్పుడు ఆ స్తంభాల వెనక దాగుడుమూతలు ఆడేవాళ్ళం. 1824లో లండన్‌లో రెండు దేశాల దొరలు సంతకాలు పెట్టుకుంటే, మరుసటేడు భీమిలి డచ్చివాళ్ళ చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళ చేతిలోకి పోయింది. పార్గా చేతులు మారిన ఆరేళ్ళకి. మా ఊళ్ళో ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళిపోయిన డచ్చివాళ్ళు తమ చచ్చినవాళ్ళని అక్కడే వదిలేశారు. ఆ రాళ్ళ మీద ఎవరి పేర్లున్నాయో చదవాలని నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. ఈసారి వెళ్ళి చదవాలి.

కోట దిగి వస్తుంటే ఒక పాత ఇంటి అరుగు మీద ముసలావిడ సీసాలు పెట్టుకుని అమ్ముతోంది. ఆలివ్ నూనె, తేనె, పాకంలో వేసిన పళ్ళు. వాటిలో ఒక సీసాలో లావాటి తెల్లటి తొక్క ముక్కలు. రుచి చూడమని చిన్న చెంచాతో పెట్టి, పక్కన చల్లటి నీళ్ళ గ్లాసు పెట్టింది. ఇక్కడ దీన్ని చెంచా మిఠాయి అంటారు, ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద. నోట్లో వేసుకోగానే ఆ చేదు, ఆ వాసన ఎక్కడో తెలిసినట్టుంది. మా అమ్మాయి పేరు అడిగి చెప్పింది, కిత్రో. అంటే మన మాదీఫలం, దబ్బకాయకి అన్నవరస. పైత్యానికి మా నాన్న పొద్దున్నే చెంచాడు మాదీఫల రసాయనం పుచ్చుకునేవాడు. కొల్హాపురం మహాలక్ష్మి చేతిలో ఉండేది ఈ పండే. పార్గా మాదీఫలానికి ఒకప్పుడు యూరప్ అంతా పేరు. యూదుల పర్ణశాలల పండుగకి మచ్చలేని మాదీఫలం చేతబట్టి ప్రార్థన చేయాలి. ఆ పళ్ళు ఈ కొండ కింద పండి, కోర్ఫూ వర్తకుల ద్వారా ఉత్తరాన ఎక్కడెక్కడి చలి ఊళ్ళకో వెళ్ళేవి. ఏ రబ్బీ చేతిలో ఏ చెట్టు పండో, ఏ పూజలో ఎవరి నోటికి ఏ తొక్కో. రెండు సీసాలు కొన్నాను. ఒకటి విమానాశ్రయంలో చేతిసంచీలోంచి తీసి పారేశారు, పాకం ద్రవపదార్థమట.

తర్వాత రెండు రోజులూ పడవల మీదే గడిచాయి. లిక్నోస్ బీచ్ ఊరికి దగ్గరే, గులకరాళ్ళు, నిలువు కొండ, నీళ్ళు ఉన్నట్టుండి లోతు. నాకు పనికిరాదు. పాక్సీ దీవులకి వెళ్ళే పడవలో జనం మరీ ఎక్కువ. సున్నపురాతి గుహల్లోకి పడవ ముక్కు దూర్చి, లోపల నీళ్ళు నీలంమందు కలిపినట్టు వెలిగితే అందరూ ఒకేసారి ఫోన్లు ఎత్తారు. నాకు మాత్రం అక్కడ ప్లూటార్క్ రాసిన కథ గుర్తొచ్చింది. తిబేరియస్ చక్రవర్తి కాలంలో ఒక ఓడ ఈ దీవుల దగ్గర గాలి పడిపోయి ఆగిపోయిందట. ఒడ్డు మీంచి ఎవరో చుక్కాని పట్టినవాణ్ణి పేరు పెట్టి పిలిచారు. వాడు ఈజిప్టువాడు, పేరు థామూస్. మూడో పిలుపుకి పలికాడు. "ఫలానా చోటు దాటేటప్పుడు, మహా పాన్ చనిపోయాడని చెప్పు" అంది గొంతు. పాన్ అంటే మేకకాళ్ళ అడవి దేవుడు. థామూస్ ఆ చోటికి రాగానే గాలి లేక, అల లేక నీళ్ళు నిలిచిపోయాయి. చెప్పాడు. చెప్పగానే ఒడ్డు మీంచి ఒకరు కాదు, ఎందరో ఒక్కసారి ఏడ్చిన చప్పుడు వినిపించిందట. ఈ చప్పుడు లేని సముద్రం చూశాక ఆ కథలో భయమెక్కడుందో నాకు అర్థమైంది. మా ఊరి హోరులో ఎవరు పిలిచినా వినపడదు.

ఇంకో పడవ దక్షిణంగా అఖెరోన్ నది లోపలికి తీసుకెళ్ళింది. గ్రీకుల వైతరణి అది. చచ్చినవాళ్ళు దాటాల్సిన నది. చూస్తే రెల్లు, తాబేళ్ళు, ఐసు కలిపినట్టున్న పచ్చటి నీళ్ళు. దగ్గర్లోని మెసోపొతామోస్ గుట్ట మీద 1958 నుంచి సోతిరియోస్ దకారిస్ తవ్వకాలు జరిపి, చీకటి నడవలూ భూగర్భ గదీ బయటపెట్టి, ప్రేతాలతో మాట్లాడించే ఆలయం ఇదే అన్నాడు. అక్కడే దొరికిన కంచు చక్రాలు ప్రేతాల్ని దించే యంత్రానివి అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు, అవి యుద్ధయంత్రం భాగాలు, ఇది కోటగోడ కట్టుకున్న ఒక మోతుబరి రైతు ఇల్లు, ఆ భూగర్భం ధాన్యపుగాదె అయి ఉండొచ్చు అన్నారు. నాకు రెండో మాటే నమ్మబుద్ధయింది. అయినా ఆ గదిలోకి ఇనప నిచ్చెన దిగాక ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, నాతో సహా.

చివరి రోజు అద్దెకారు తీసుకుని ఉత్తరాన సివోతా వెళ్ళాం. చిన్న రేవు, ఎదురుగా మూడు నాలుగు దీవులు కోడిపిల్లల్లా ఒడ్డుని ఆనుకుని ఉంటాయి. క్రీస్తుపూర్వం 433లో కోర్ఫూవాళ్ళూ కొరింత్‌వాళ్ళూ ఈ నీళ్ళలోనే తలపడ్డారు. అప్పటిదాకా గ్రీకులు తమలో తాము చేసుకున్న ఓడ యుద్ధాల్లో అంత పెద్దది లేదని తుసిడిడిస్ రాశాడు. ఇప్పుడక్కడ ఐస్‌క్రీం బండి ఉంది.

బెల్లా వ్రాకా అనే చోటు ఆ రేవుకి దగ్గరే. రోడ్డు మీంచి పైన్ చెట్ల మధ్య మట్టిదారిన దిగితే, సన్నటి ఇసుక నాలిక ఒకటి సముద్రంలోకి పోయి మునుగుతుంది. అవతల కొసన దీవి. మధ్యలో ఇసుకే, దాని మీద నీళ్ళు. రెండు పక్కలా లోతు ముదురు నీలం, నడుమ లేత పచ్చ బాట. జనం చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని నడిచి వెళుతున్నారు.

"దా మావయ్యా, ఈత అక్కర్లేదు" అంది.

మోకాళ్ళదాకా వచ్చేసరికి ఆగాను. అలవాటు. ఎవరూ అరవలేదు. ఇంకో నాలుగడుగులు. నీళ్ళు తొడలదాకా, తర్వాత నడుం దాకా వచ్చాయి. చేతులు రెండూ పైకెత్తి, దొంగ దొరికిపోయినట్టు నడుస్తున్నాను. మధ్యలో పాదం కింద ఇసుక గట్టులు గట్టులుగా, మా ఊళ్ళో పాటు తీసినప్పుడు తడి ఇసుక మీద పడే చారల్లాగే ఉన్నాయి. నా కాళ్ళ చుట్టూ గోరంత చేపలు తిరిగి, ఏమీ దొరక్క వెళ్ళిపోయాయి. ఒక గ్రీకు ముసలాయన ఎదురొచ్చి, దాటుతూ "కలిమేరా" అన్నాడు, వీధి మలుపులో కలిసినట్టు.

దీవి ఎక్కాను. రాయి మీద కూర్చుంటే పైన్ జిగురు వాసన. వెనక్కి చూస్తే ఒడ్డు దగ్గరగానే ఉంది గానీ నేను మాత్రం దీవి మీద ఉన్నాను. మెళ్ళో నీరు పట్టని సంచీలోంచి ఫోన్ తీసి మా అమ్మాయి వీడియో కాల్ కలిపింది. భీమిలిలో సాయంత్రం, వెనక కుక్కర్ కూత. "అమ్మా, మావయ్య ఎక్కడున్నాడో చూడు" అని ఫోన్ తిప్పింది. నేను, చుట్టూ నీళ్ళు.

మా అక్క ముఖం దగ్గరకొచ్చింది. అచ్చం అమ్మ గొంతు.

"ఒరేయ్, లోపలికెందుకు వెళ్ళావురా?"

"నడుం దాకానే ఉన్నాయక్కా. నడిచే వచ్చాను."

"నడుం దాకా అయితే మాత్రం? ముందు ఒడ్డుకి రా."

ఫోన్ సంచీలో పెట్టేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మళ్ళీ దిగాను.